పొలం చీర

కోరుట్లలో మా ఇంటి ముందుగదే నా కుట్టు దుకాణం. మనిషి గడప దాటుతుండగానే జాకెట్ కొలత చెప్పగలనని నాకు కాస్త గర్వం. ఒకే కప్పు కింద ఉంటున్న మనిషిని మాత్రం కొలవలేకపోయాను.

రాయికల్ దగ్గర మాకు బావి కింద ఎకరం పొలం ఉంది. తినే బియ్యం అక్కడివే. పట్టా మా ఆయన పేరు మీద ఉంది. అది అమ్మి జగిత్యాలలో ప్లాటు కొందామని ఆయన, వద్దని నేను. సిరిసిల్ల నుంచి కొనేవాళ్లు దొరికారు గానీ, ఇంటామె సంతకం లేనిదే కొనేది లేదన్నారట. నేను పెట్టనన్నాను. ఇంట్లో మాటలు తగ్గాయి.

ఒకరోజు ఆయన సిరిసిల్ల పోయి వచ్చి, ఒక సంచి నా మిషన్ మీద పెట్టాడు. లోపల పసుపురంగు పట్టుచీర.

"నాకా?"

"నీకే. కట్టుకో."

అలక తీర్చడానికి తెచ్చాడనుకున్నాను. పెళ్లయ్యాక ఆయన తనంతట తాను తెచ్చిన చీర అదొక్కటే. మురిసిపోయి, గిరాకీ బట్టలు పక్కకు నెట్టి, జాకెట్ ముక్క కత్తిరించి సాయంత్రానికి కుట్టేశాను.

మరునాడు బేరం కుదిర్చిన పెద్దమనిషి వచ్చాడు. దండెం మీది జాకెట్ చూసి నవ్వాడు.

"మంచిగ కుట్టుకున్నవ్ చెల్లె. ఇగ సంతకానికి ఎప్పుడొస్తవ్?"

"సంతకమేంది అన్నా?"

"కొనెటోళ్లు పెట్టిన చీర తీసుకున్నవ్ గదా. తీసుకుంటె ఒప్పుకున్నట్టే."

పొలం కొన్నవాళ్లు అమ్మిన ఇంటి ఆడవాళ్లకు చీర పెట్టడం మా వైపు ఆనవాయితీ. నాకు తెలియనిదేం కాదు. పట్టా ఆయనకు, పట్టు నాకు. పంపకం బాగానే కుదిరింది.

మా ఆయన గోడ వైపు చూస్తున్నాడు.

"గా ముచ్చట నాకు చెప్పలేదేంది?" అన్నాను.

"చెప్తె తీసుకుందువా?"

అదొక్కటి మాత్రం నిజం చెప్పాడు.

చీర మడతపెట్టి, జాకెట్, టేపు, కత్తెర సంచిలో వేసుకుని సిరిసిల్ల బస్సెక్కాను. కొనేవాళ్ల ఇంటామె చీర చూసింది, జాకెట్ చూసింది.

"కుట్టిన జాకెట్ నేనేం జేసుకోవాలె అక్కా?"

"నీ కొలతకు మార్చిస్త. మిషన్ ఉన్నదా?"

"ఉన్నది. గని నువ్వు ఒప్పుకున్నవని మీ ఆయన చెప్పిండు."

"నేను ఒప్పుకోలె. పొలం ఇయ్య."

ఆమె లేచి నిలబడి, టేపు కోసం చేతులు ఎడంగా పెట్టింది. ఆమె నాకంటే లావు. కుట్లు విప్పాను. ఏ జాకెట్‌కైనా లోపల కాస్త గుడ్డ వదిలి కుట్టడం నా అలవాటు. ఈసారి అది నాకే పనికొచ్చింది.

ఇల్లు చేరేసరికి మా ఆయన అన్నం వండి పెట్టాడు.

"ఇచ్చినవా?"

"ఇచ్చిన."

పళ్లెం నా ముందుకు జరిపి బయటికి వెళ్లిపోయాడు.

పొలం మాకే ఉంది. ఆ బియ్యమే ఇద్దరం తింటున్నాం, వేరువేరు వేళల్లో.