బ్యాక్‌హ్యాండ్ నాకు నేర్పినవాడు

నా కుడి మణికట్టు చిన్నప్పుడే పాడైంది. మాది కంచిలి దగ్గర తోటల ఊరు. జీడిమామిడి చెట్టు మీంచి పడితే, కట్టు కట్టిన మహానుభావుడు ఎలా కట్టాడో గానీ, ఎముక వంకరగానే అతుక్కుంది. రాతకి అడ్డురాలేదు కాబట్టి సంతబొమ్మాళి వైపు ఉప్పు కొఠార్ల ఆఫీసులో గుమాస్తా పని దొరికింది. అక్కడ దొర బంగళా వెనక టెన్నిస్ కోర్టు ఉండేది. ఆటకి నలుగురు కావాలి, దొరతో కలిపి ఆఫీసర్లు ముగ్గురే. నాలుగోవాడిగా నన్ను పిలిచారు. రమ్మంటే కాదనే రోజులు కావవి. పైగా నాకూ మహా సరదా, అబద్ధమెందుకు.

ఎడమ వైపు బంతి వచ్చిందా, అంటే బ్యాక్‌హ్యాండ్ కొట్టాల్సొచ్చిందా, నా పని అయిపోయేది. రాకెట్టు చేతిలోనే తిరిగిపోయి బంతి వలలో పడేది. దొర మొహం చిట్లించేవాడు. వేరే మనిషి దొరికితే నన్ను తీసేస్తారని నాకు బెంగ.

కోర్టు వల చిరిగినప్పుడల్లా బాగుచెయ్యడానికి సముద్రం ఒడ్డు పల్లె నుంచి ఒకతను వచ్చేవాడు. చేపల వేటకెళ్ళే మనిషి, నా ఈడువాడే. మా ఆట అయ్యేదాకా గీతల బయట కూర్చుని, అందరూ వెళ్ళాక ముడులు వేసుకునేవాడు. ఒకనాడు నేను చెప్పులు తొడుక్కుంటుంటే అన్నాడు:

"బాబూ, ఆ సెయ్యి పని సెయ్యదు గదా, రెండో సెయ్యెందుకు దాసుకున్నావు?"

నాకు ఒళ్ళు మండింది. "నీకేటి తెలుసు? ఇది దొరలాడే ఆట."

"ఆట ఎవులిదైతే నాకేటి? తెడ్డు ఒంటి సేత్తో ఎయ్యం గదా. ఆదివారం ఒడ్డుకి రా, సూపిత్తాను."

వెళ్ళాను. పాత బంతులు నాలుగు సంచిలో వేసుకుని మరీ వెళ్ళాను. అతను ముందు రాకెట్టు పట్టనివ్వలేదు. తెప్ప మీద నిలబడి వేసే తెడ్డు చేతికిచ్చాడు. దాన్ని ఒంటి చేత్తో తిప్పడం నా తరమా! చివర కుడిచెయ్యి, దానికి పైన ఎడమచెయ్యి పెట్టించాడు. కుడిది ఊరికే పట్టుకుని ఉంటే చాలునట, బలమంతా ఎడమదేనట.

"సేతుల్తో కొట్టకు. నడుం తిప్పు. సేతులు దానెనకే వత్తాయి."

తరవాత కాళ్ళు. తడి ఇసకలో అటూ ఇటూ పరిగెత్తించాడు. పెద్ద అంగ వేస్తే తిట్టేవాడు. "అల మీదికొచ్చీసినాక కాలు కదిపితే ఏటవుద్ది? ములిగిపోతావు. అల్లంత దూరాన ఉన్నప్పుడే సద్దుకోవాల. బేగి బేగి, సిన్న అడుగులెయ్యి!" కుడి భుజం బంతి వైపు పెట్టి, బరువు ఎడమకాలి మీద ఆపి, కొట్టేటప్పుడు కుడికాలి మీదికి తేవాలి. ఐదారు ఆదివారాలు ఇదే భాగవతం. పిక్కలు పట్టేసి ఆఫీసులో కుంటుతూ తిరిగాను. ఆ మధ్యలో ఎప్పుడో అతను బాబూ మానేసి మావా అన్నాడు. నాకు ఎంత హాయిగా ఉండేదో ఆ పిలుపు.

రాకెట్టుతో మొదటిసారి బంతి సూటిగా వెళ్ళిన రోజున ఇద్దరం పిచ్చివాళ్ళలా గెంతాం. అప్పుడడిగాడు.

"మావా, ఆ సున్నం గీతల నడుమ నిలబడి నానూ ఒక్క బంతి కొట్టాల. ఇన్నేళ్ళు ఆ వల కట్టినాను, లోన అడుగెట్టి ఆడింది నేదు. దొరకి ఒక మాట సెప్తావేటి?"

"ఈ దెబ్బ నీ సేతి పనేనని దొర ముందే సెప్తాను. సెప్పి ఆడిత్తాను. ఇది నా మాట" అన్నాను నేను.

కొన్నాళ్ళకి, మా ముగ్గురు ఆఫీసర్లలో ఒకరు ఊళ్ళో లేక, టెక్కలి నుంచి వేరే ఆఫీసరు ఆటకి వచ్చాడు. వల ఒక పక్క జారితే వల కట్టే అతన్ని పిలిపించారు. స్తంభం దగ్గరే కూర్చున్నాడు. చివరి బంతి నా ఎడమకే వచ్చింది. చిన్న అడుగులు వేశాను, నడుం తిప్పాను, రెండు చేతులా కొట్టాను. బంతి అవతలి ఇద్దరి మధ్యనించీ దూసుకుపోయింది. రెండు చేతుల్తో కొట్టడం ఎన్నడూ చూడనివాళ్ళు, అందరూ పకపకా నవ్వి, చప్పట్లు కొట్టారు. దొర తెలుగు పరీక్ష పాసైన మనిషి, తెలుగులోనే అడిగాడు.

"ఈ వింత నీకు ఎవరు నేర్పారు?"

స్తంభం దగ్గర్నించి అతను నా వైపు చూశాడు. ముడి వేస్తున్న చెయ్యి ఆగింది. చేపలు పట్టేవాడు నేర్పాడంటే ఆ నవ్వు ఎటు తిరుగుతుందో అని నాకు భయం పట్టుకుంది.

"ఎవరూ నేర్పలేదండి. నా అంతట నేనే."

ఛీ! ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట. అతను తల దించుకుని ముడి బిగించుకున్నాడు.

ఆ ఆదివారం ఒడ్డుకి పరిగెత్తాను. తెప్ప కడుగుతున్నాడు. ఏవేవో సాకులు చెప్పి, ఆఖరికి అన్నాను: "దొర క్యాంపుకెళ్ళాడు. బంగళాలో ఎవులూ నేరు. ఇప్పుడే రా, ఎన్ని బంతులు కావాలంటే అన్ని కొట్టు."

అతనికి కోపం రాలేదు. వస్తే బాగుండేది.

"ఎవులూ లేనప్పుడా బాబూ? ఎవులూ సూడకుండా ఆడితే, ఆడినానని ఎవులు సెప్తారు? రేపు నువ్వే ఆడనేదనీగలవు."

వచ్చిన దారినే తిరిగి వచ్చేశాను. నాకు బదిలీ అయ్యేదాకా అతను వల కట్టడానికి వస్తూనే ఉన్నాడు. నాతో మళ్ళీ మాట్లాడలేదు.

ఆ రెండు చేతుల దెబ్బతో నాకు చాలా ఊళ్ళలో పేరొచ్చింది. అడిగినవాళ్ళందరికీ అదే జవాబు చెప్పాను. నా కొడుక్కి నేర్పేటప్పుడు వాడూ అడిగాడు, నీకెవరు నేర్పారు నాన్నా అని. అప్పటికి దొర లేడు, నవ్వేవాళ్ళూ లేరు. పెరట్లో మేమిద్దరమే. వాడికీ అదే చెప్పాను. వాడు అది నమ్మి, మా నాన్నకి ఎవరూ నేర్పలేదని బడిలో అందరికీ చెప్పుకున్నాడు.