పదిహేడో నంబరు ఇత్తడి బిళ్ల

చెంగల్రాయులు కన్నుమూశాడని మొన్న సోమవారం ఫోనొచ్చినప్పుడు నేను మా సత్రం సామాన్ల గదిలో ఒక యాత్రికుడి సంచి లోపల పెట్టి, మేకు మీది నంబరు బిళ్ల తీసి అతని చేతికిస్తున్నాను. "యా చెంగల్రాయులు? ఇంకోసారి బాగా సూసి సెప్పప్పా" అన్నాను. ఎవరు ఎవరో రుజువు చూడనిదే నమ్మొద్దని నాకు చెప్పినవాడు ఆయనే. ఈసారి రుజువు దొరికింది. మా సత్రం సైటు కట్టిన చెంగల్రాయులేనట.

ఎనిమిదో తరగతిలోనే బడికి దండం పెట్టినవాణ్ణి నేను. అంతటి కంప్యూటర్ కోవిదుడు పదిమందిలో నన్ను "మా గురువు" అని పరిచయం చేసేవాడు. ఎగతాళి కాదు. దానికో కథ ఉంది.

ఆయన నగరి నేతగాళ్ల ఇంటి బిడ్డ. తిరుపతిలోని మా సత్రం గదులను ఇంటర్నెట్‌లో బుక్ చేసుకునే సైటు నిర్మించాడు. దాని అడుగున స్వయంగా రాసుకున్న ఫ్రేమ్‌వర్క్ ఉండేది. ఏ సైటుకైనా పనికొచ్చే చట్రం అది. "ఇది పడుగప్పా. పేక ఎవురిది వాళ్లు నేసుకోవాల" అనేవాడు.

ఒక ఉదయం నగరి నుంచి పెళ్లివారు దిగారు. చూస్తే వారి ఆరు గదులూ రద్దయి ఉన్నాయి! ఆ పూటకు వారిని హాల్లో సర్ది విచారించాం. పెళ్లికూతురి తండ్రి నెట్ సెంటర్లో గదులు తీసుకుని, లాగౌట్ నొక్కి లేచాడు. తర్వాత కూర్చున్న పెద్దాయన వెనక్కి బాణం నొక్కితే ఆరు గదులు ప్రత్యక్షమయ్యాయి. తనవి కాని గదులు పొరపాటున తనకు వచ్చాయనుకుని, ధర్మబుద్ధితో రద్దు నొక్కాడు. దొంగలను ఊహించిన చెంగల్రాయులు ఇంతటి సత్యసంధుణ్ణి ఊహించలేదు.

సత్రం అధ్యక్షులు మండిపడ్డారు. "వారం టైమిస్తాండా. సరిజేయకుంటే సైటు మూసేసి పాత పుస్తకమే తెరస్తాం!" రెండేళ్ల తపస్సు ఆ వారం మీద వేలాడింది.

ఆయన దిగులుగా నా గదికొచ్చి కూర్చున్నాడు.

"తప్పు యాడుండాది సామీ?" అన్నాను.

"లాగిన్ అయినోడికి సైటు ఒక రహస్య నంబరిస్తాది. పేజీపేజీకీ పాస్‌వర్డు అడక్కుండా ఆ నంబరు సూసి గుర్తుపడతాది. దాన్నే సెషన్ అంటాం."

"నా బిళ్ల మాదిరే. మనిషి పొయ్యేటప్పుడో?"

"లాగౌట్ నొక్కితే వాకిలి సూపిస్తాది."

"నంబరు?"

ఆయన తల గోక్కున్నాడు. "లోపల... అట్లే ఉండాది."

"థూ, నీ సదువు! నేను బిళ్ల తీసుకోని, పుస్తకంలో పేరు కొట్టేసి అంపిస్తా. నువ్వు మర్యాదగా సాగనంపి గది తెరిసి పెట్టినావు కదప్పా!"

నవ్వుతాడనుకున్నాను. నా పుస్తకం లాక్కుని మూడు రోజులు అక్కడే మఠం వేశాడు. "సాయంత్రందాకా సామాను తీసుకోకుంటే?" అని అడిగాడు. "బిళ్ల సెల్లదు. మళ్లా మొగం సూపించాల్సిందే" అన్నాను. అదీ రాసుకున్నాడు. చివరికి నాకే తప్పు పట్టాడు.

"ఇదే బిళ్ల రేపు ఇంకొకరికిస్తావే, అది తప్పు. ఒకరికిచ్చిన నంబరు ఇంకొకరికి ఇయ్యకూడదు."

"నా కాడ ఉండేది నూరు బిళ్లలే సామీ!"

"నా కాడ నంబర్లకి కరువు లేదులే."

వారం తిరిగింది. అధ్యక్షుల సమక్షంలో పరీక్ష. చెంగల్రాయులు లాగిన్ అయ్యాడు, తన రహస్య నంబరు చీటీ మీద రాసి నా చేతికిచ్చాడు, లాగౌట్ నొక్కి లేచాడు. "ఇప్పుడు దూరు సూద్దాం" అన్నాడు. బాణం నొక్కాను. ఆయన చూపిన చోట చీటీలోని నంబరూ కొట్టాను. "మీరెవరు? మళ్లీ లాగిన్ అవ్వండి" అంది తెర. పది నిమిషాలు కుస్తీ పట్టినా అదే జవాబు. నా జీవితంలో అంత ఆనందంగా ఓడిపోయింది లేదు! అధ్యక్షులే ముందుగా చప్పట్లు కొట్టారు. లాగౌట్ నొక్కగానే నంబరు కొట్టేసే ఆ మరమ్మతును ఆయన ఫ్రేమ్‌వర్క్‌లోనే చేశాడు గనుక, దాని మీద కట్టిన సైట్లన్నీ ఒక్కసారిగా గట్టిపడ్డాయి. మరుసటి ఏడు అదే తండ్రి, అదే నెట్ సెంటర్ నుంచి, రెండో కూతురి పెళ్లికి పన్నెండు గదులు తీసుకున్నాడు. ఒక్కటి చెదిరితే ఒట్టు!

పరీక్ష నెగ్గిననాడు ఆయన గుర్తుగా నా పదిహేడో బిళ్ల జేబులో వేసుకుపోయాడు. పుస్తకంలో ఆయన పేరు రాసుకున్నాను.

నిన్న ఆయన భార్య ఆ బిళ్ల తెచ్చి నా బల్ల మీద పెట్టింది. "మీకిచ్చేయమని సెప్పినాడన్నా" అంది. రివాజు ప్రకారం పుస్తకం తీసి ఆ మహామనీషి పేరు కొట్టేశాను. బిళ్లను మాత్రం మేకుకు తగిలించలేదు. మా సత్రంలో ఇకమీదట పదహారు తర్వాత పద్దెనిమిదే. ఒకరికిచ్చిన నంబరు ఇంకొకరికి ఇవ్వం.