మగ్గం గదిలో లైట్లు

మా తోడికోడలు చీరలు నేసేది. పొద్దు వాలగానే రెండు పోగులు పట్టుకుని, పడమటి వెలుతురు పడే మా గడపకు వచ్చేది.

“అక్కా, గీ రెండు ఎరుపులు ఒక్కటేనా? జర చూడు.”

విసుక్కుంటూనే చెప్పేదాన్ని.

నల్గొండలో ఉద్యోగం చేసే ఆమె కొడుకు, బయట వెలుతురు తగ్గేకొద్దీ వాటంతటవే వెలుగు పెంచుకునే లైట్లు మగ్గం గదిలో పెట్టించాడు. ఆమె రావడం మానేసింది.

“మా ఇంటికి సూర్యుడు ఫుకట్ల వస్తడు, బిల్లు అడగడు” అని గల్లీ అంతా వినేలా అన్నాను. కానీ ఆ లైట్లను చూస్తే సవతిని చూసినట్టు ఒళ్లు మండేది.

నెల ఓపిక పట్టి, చివరికి నేనే వాళ్లింటికి పోయాను.

“కరెంటు దండుగ చేస్తున్నవని తిట్టనీకె వచ్చిన” అన్నాను.

ఆమె నవ్వి, పీట నా వైపు జరిపింది.

“కూసోని తిట్టక్కా.”