ఒక దిక్కా, రెండు దిక్కులా?

మా బోధన్ బీడీ కార్ఖానాలో చెకింగ్ చేసే ఆత్మారాంకు ఒకటే పిచ్చి, ఎదుటివాళ్ల తలనొప్పి. ఎండైనా వానైనా నెత్తికి తువ్వాల బిగించుకుని కూర్చుంటాడు. బీడీ కట్టలు ముందు పెట్టామో లేదో, "తల నొస్తుందా? ఒక దిక్కా, రెండు దిక్కులా?" అంటాడు. పెళ్లి పత్రిక ఇవ్వబోయిన మా వాడకట్టు సిద్దిరాములునూ వదల్లేదు.

"బిడ్డ పెండ్లి పెట్టుకున్న, నాలుగు దిక్కుల నొస్తున్నది!" అని ఆయన పారిపోయాడు.

మా ఇంట్లోనూ ఒక తలనొప్పి ఉండేది. నా కోడలు సుమలత నెలకు రెండుసార్లు కిటికీలు మూసి, తలకు కొంగు బిగించి పడుకునేది. కుక్కర్ విజిల్ వద్దనేది. పొగాకు వాసనకు వాంతి చేసుకునేది. బీడీలతో బతికే ఇంట్లో పొగాకు పడదట! నకరాలన్నాను. మూడేళ్లు అదే మాటన్నాను. "ఇంకోసారి పండుకుంటే వర్ని బస్సెక్కిస్త, మీ తల్లిగారింట్లనే ఉండు" అని ఒకరోజు గట్టిగానే చెప్పాను.

మర్నాడు నాతో కట్టలు మోసుకొచ్చిన దాన్నీ కార్ఖానా వరుసలో ఆత్మారాం అడిగాడు.

"ఒక దిక్కే కాకా," అంది సుమలత మెల్లగా. "ముందుగాల కండ్ల ముందర వంకరటింకర మెరుపులొస్తయి. ఎనక కణత టకటక కొట్టుకుంటది. ఎలుగు సూడలేను."

ఆత్మారాం ఎగిరి గంతేశాడు. "ఆధాసీసీ!"

నాకు ఆధా సీసా అని వినబడింది. ఒళ్లు మండిపోయింది.

"ఎవ్వలయ్యా సగం సీస తాగేది? నా కోడలు కల్లు మొకం గూడ సూడదు! గిసొంటి పిల్ల వాడకట్టుల ఇంకోతి లేదు!"

వరుసంతా పగలబడి నవ్వింది. సుమలత మాత్రం నోరు తెరిచి నన్నే చూసింది. పాపం, నా నోట మెప్పు వినడం అదే మొదటిసారి.

"సీసా కాదక్కా, సీసీ! ఉర్దూల గట్లంటరు. మైగ్రేన్. నకరాలు కాదు, రోగం. నిజామాబాద్ల డాక్టర్‌కు సూపెట్టు."

సిగ్గుతో చచ్చిపోయాను. వాడి ముఖంలోకి చూశాను. ఒక కన్ను సగం మూసి ఉంది. ట్యూబులైటుకు వీపు పెట్టి కూర్చున్నాడు.

"ఆత్మారామూ, నీకు ఒక దిక్కా, రెండు దిక్కులా?"

వాడి చేతిలోంచి కట్ట జారిపోయింది. "ఒక దిక్కే అక్కా. ఇరవై ఏండ్లాయె."

"మరి ఎవ్వలకు చెప్పలేదేందిరా?"

"ఎవ్వలు అడగలే."

నేను లేచి లైటు ఆర్పేశాను. నలభై మంది ఆడవాళ్లం పావుగంట నోరు మూసుకుని కూర్చున్నాం. మా కార్ఖానాలో అలాంటి వింత మళ్లీ జరగదు.

ఆ వారమే ముగ్గురం ఒకే బస్సులో నిజామాబాద్ వెళ్లాం. డాక్టరమ్మ ఇద్దరికీ మందులు రాసింది. రాస్తూ రాస్తూ కణత నొక్కుకుంది. ఆత్మారాం నోరు తెరిచేలోపే నేను అడిగేశాను.

"ఒక దిక్కా బిడ్డా, రెండు దిక్కులా?"