వెనకాల ఏం కాలేదు కదా

నీటి పరీక్షల ల్యాబులో అతన్ని అందరూ నిదానం అనేవాళ్లు. సీసాలో నీళ్లు తేటగా ఉన్నాయో లేదో చెప్పమంటే కిటికీ దగ్గరకు తీసుకెళ్లి, కళ్లద్దాలు తుడుచుకుని, మళ్లీ ఓసారి చూసి గానీ చెప్పేవాడు కాదు. ఊరంతా తిరిగి ఆ సీసాలు నింపుకొచ్చే స్నేహితుడి పేరు జోరు. మెట్లు కూడా రెండేసి చొప్పున ఎక్కే మనిషి. సగం పెట్రోలు మీద, సగం బ్యాటరీ మీద నడిచే హైబ్రిడ్ కార్లు కొత్తగా వచ్చిన రోజుల్లో జోరు ఒకటి కొన్నాడు. పట్టుబట్టి నిదానం చేత కూడా అదే రకం, అదే తెలుపు రంగుది కొనిపించాడు. ఆఫీసు ముందు రెండూ పక్కపక్కన ఆగితే "కవలలు దిగారు" అని అందరూ నవ్వేవాళ్లు.

ఏళ్లు గడిచాయి. జోరు బండి చలాకీగానే ఉంది, నిదానం బండికే రోగం పట్టుకుంది. వెనక సీటు కింద ఉండే పెద్ద బ్యాటరీ నీరసించిపోయి, ఎత్తు ఎక్కాల్సి వచ్చినప్పుడల్లా బండి ఆయాసపడేది. బ్యాటరీని చల్లబరిచే ఫ్యాను గురక పెట్టేది. మెకానిక్ సీటు ఎత్తి చూసి పెదవి విరిచాడు.

"కొత్త బ్యాటరీ వేయిస్తే బండి కన్నా అదే ఎక్కువవుతుంది సార్. దీన్ని అమ్మేసి వేరేది కొనుక్కోండి. లేదంటే కాస్త ఓపిక పట్టండి. ఇదే రకం బండి, ముందువైపు గుద్దుకుని వెనకాల దెబ్బ తగలనిది దొరికిందనుకోండి, దాని బ్యాటరీ తీసి దీనికి వేసేస్తా. హాయిగా తిరుగుతారు."

ఓపిక పట్టడం నిదానానికి కొత్త కాదు. "మారుస్తారో, బాగు చేయిస్తారో, ఏదో ఒకటి తేల్చండి" అని భార్య పోరుతున్నా "చూద్దాంలే" అంటూ రోజులు నెట్టాడు. ఆ చూడడం ఎలాంటిదో అతనికి మెల్లగా తెలిసొచ్చింది. పొద్దున్నే పేపరు తీయగానే చెయ్యి దానంతటదే ప్రమాదాల వార్తల దగ్గరకు పోయేది. ఫొటోలో తెల్ల కారు కనిపిస్తే ఏ రకమా అని కళ్లు చికిలించుకుని చూసేవాడు. ఒకసారి అలాగే చూస్తూ, పోయిన మనిషి వయసు కంటపడేసరికి పేపరు మడిచి పక్కన పడేశాడు. మర్నాడు మళ్లీ తీశాడు.

అలాంటి రోజుల్లోనే ల్యాబుకు ఫోను వచ్చింది. మలుపు దగ్గర ఆగి ఉన్న లారీని జోరు బండి గుద్దేసింది. కాలు విరిగింది, పక్కటెముకలు చిట్లాయి, ప్రాణభయం లేదు. "అయ్యో" అన్నారందరూ. నిదానమూ అన్నాడు. కానీ ఆ అయ్యో నోటిదాకా రాకముందే లోపల ఇంకో మాట మెదిలింది: ఆగి ఉన్న లారీని గుద్దిందంటే దెబ్బ ముందువైపేగా! జన్మలో మొదటిసారి అతను అందరికన్నా ముందు ఆలోచించాడు.

ఆసుపత్రికి పరుగెత్తాడు. జోరు మత్తులో ఉన్నాడు. మంచం పక్కన అతని భార్య ఒక్కతే, ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బిపోయి కూర్చుంది. ఎలా ఉన్నాడమ్మా అని అడుగుదామనే నోరు తెరిచాడు. వచ్చిన మాట వేరు.

"వెనకాల ఏం కాలేదు కదమ్మా?"

అన్నాక గానీ ఏమన్నాడో తెలియలేదు. నాలుక కరుచుకున్నాడు. ఆమె మాత్రం అరచేత్తో కళ్లు తుడుచుకుంది.

"లేదన్నయ్యా. వెన్నుపూస భేషుగ్గా ఉందన్నారు డాక్టరుగారు. వచ్చినవాళ్లంతా తప్పెవరిది, ఎంత స్పీడులో వెళ్లాడు అని అడిగేవాళ్లే. వెన్నుకేమైనా అయిందా అని అడిగింది మీరొక్కరే. అసలు భయపడాల్సింది దానికే కదా! సొంత అన్నయ్యయినా ఇంతకన్నా ఏం అడుగుతాడు?"

నిదానానికి తల కొట్టేసినట్టయింది. "ఫర్వాలేదమ్మా, ఫర్వాలేదు" అని ఏదో గొణిగి, తెచ్చిన పళ్లు స్టూలు మీద పెట్టి బయటపడ్డాడు.

కొన్నాళ్లకు మెకానిక్ ఫోన్ చేశాడు. గొంతులో సంబరం దాగడం లేదు. "సార్, మీ పంట పండింది! మీ స్నేహితుడి బండి మన షెడ్డుకే వచ్చింది. ముందంతా నుజ్జునుజ్జు, వెనకాల చెక్కు చెదర్లేదు. బ్యాటరీ మీకు పనికొస్తుందని చెప్పగానే ఆ అమ్మ 'మా అన్నయ్యకైతే ఊరికే ఇచ్చెయ్యి' అంది."

"వద్దు" అన్నాడు నిదానం. "నేను బండి మార్చేస్తున్నా."

పక్కనే ఉన్న భార్య నోరెళ్లబెట్టింది. "ఇన్నాళ్లూ నేను మొత్తుకుంటే ఉలకని పలకని మనిషి, ఇవాళ ఒక్క క్షణంలో తేల్చేశారే! వస్తున్నదాన్ని కాదనడం ఏమిటి?"

అతను జరిగిందంతా చెప్పాడు, పేపరు సంగతితో సహా. తిడుతుందనుకున్నాడు, కనీసం నవ్వుతుందనుకున్నాడు. ఆమె రెండూ చేయలేదు. "నాకు చెప్తే ఏం లాభం? వెళ్లి ఆయనకు చెప్పండి" అంది.

జోరు అప్పటికి ఇంటికొచ్చేశాడు. కట్టు కట్టిన కాలు దిండు మీద పెట్టుకుని పడుకుని ఉన్నాడు. అతని భార్య వంటింట్లోకి వెళ్లగానే నిదానం గొంతు తగ్గించాడు.

"ఆ రోజు నేనడిగింది నీ వెన్ను గురించి కాదురా. బ్యాటరీ గురించి."

ఎదుటివాళ్ల మాట పూర్తికాకుండానే అందుకునే మనిషి కాలి కింద దిండు సర్దుకుంటూ ఉండిపోయాడు. తిట్టినా ఇంత బాధ ఉండదనిపించింది నిదానానికి.

"తెలుసు" అన్నాడు జోరు చివరికి. "మా ఆవిడ చెప్పగానే తెలిసింది. నీ బండి గొడవ నాకు తెలియనిదా? బాధేసిందిరా. వేయలేదని అబద్ధం చెప్పను." పక్కటెముకలు పట్టుకుని ఊపిరి తీసుకున్నాడు. "కానీ ఆ రోజు తను ఒక్కతే కూర్చుని వణికిపోతోందట. నువ్వు వచ్చి ఆ మాట అడిగాకే ధైర్యం వచ్చిందంటుంది. వచ్చిన ప్రతివాళ్లకీ చెప్తోంది. తనకు మాత్రం నిజం చెప్పకు."

"మరి బ్యాటరీ..."

"తీసుకో. వద్దంటే ఎందుకని అడుగుతుంది. ఏం చెప్తావ్?"

నిదానం అక్కడి నుంచే మెకానిక్‌కు ఫోన్ చేశాడు.

బ్యాటరీ వేయించాడు. బండి ఎత్తులన్నీ సునాయాసంగా ఎక్కింది. కాలు కుదుటపడేదాకా జోరును ఆసుపత్రికీ, ఆ తర్వాత ఆఫీసుకూ అతనే తిప్పాడు. జోరు మళ్లీ మునుపటిలాగే జోకులు వేసేవాడు, బండి మీద తప్ప. దారిలో తెలిసినవాళ్లు కనిపిస్తే వెనక సీట్లోంచి జోరు భార్య అద్దం దించి మరీ చెప్పేది: "ఆ రోజు ఈ అన్నయ్య లేకపోతే నేనేమైపోయేదాన్నో!"

నిదానం స్టీరింగు వైపు తల వంచుకునేవాడు. చూసినవాళ్లు ఎంత వినయమో అనుకునేవాళ్లు. పక్క సీట్లోని జోరు మాత్రం ఆ సమయంలో మొహం అటు తిప్పుకుని రోడ్డు వైపు చూసేవాడు.