రొట్టెలు మండించిన కెజాయా అత్త

లండన్‌కు చాలా ఉత్తరాన, నేతమిల్లుల లోయలో, మా వీధి చివరింట్లో కెజాయా ఆర్మరాడ్ ఒంటరిగా ఉండేది. వీధిలో అందరికీ కెజాయా అత్త. చిన్నతనం నుంచీ నేతమిల్లులో పనిచేసి, మగ్గాల మోతకు చెవులు పోగొట్టుకుంది. ఎదుటివాళ్ళ పెదవులు చూసి మాట పట్టేది. మా మిల్లు ఆడవాళ్ళమంతా అంతే, ఆ మోతలో గొంతు లేకుండా పెదవులతోనే మాట్లాడుకుంటాం. నన్ను బడి మాన్పించి మిల్లులో పెట్టినప్పుడు తెగిన పోగు ముడివేయడం నేర్పింది ఆమే. నోరు లేని పిల్లనని అందరూ వెక్కిరిస్తుంటే, "దానికి కళ్ళున్నాయి, చాలు" అనేది.

ఆ చలికాలం దగ్గు పట్టుకుని అత్త మిల్లు మానేసింది. పొయ్యిలోకి బొగ్గు లేదు. కూజాలో నీళ్ళు గడ్డకట్టేవి. చర్చి సహాయ సంఘం తరఫున మిసెస్ ఫేన్‌షా వచ్చింది. మిల్లు కొత్త మేనేజరు భార్య, లండన్ వైపు మనిషి. సంఘం ఒక ఇంటికి రొట్టెలైనా ఇస్తుంది, బొగ్గైనా ఇస్తుంది, రెండూ ఇవ్వదు.

"ఎలా ఉన్నావమ్మా?"

"ఎలా ఉంటాను దొరసానమ్మా! స్టార్వ్ అయిపోతున్నా," అంది అత్త.

మా లోయలో స్టార్వ్ అవడమంటే చలికి కొయ్యబారిపోవడం. ఆకలేస్తే క్లెమ్ అయ్యామంటాం. దొరసాని వైపు వాళ్ళకు స్టార్వ్ అంటే ఆకలితో మాడడం. ఆ సంగతి అప్పటికి మాకెవరికీ తెలియదు.

మర్నాడు పెద్ద రొట్టెలు రెండు వచ్చాయి.

"చెవుడు నాకా, ఆవిడకా?" అని అత్త నవ్వింది. "వీటిని కప్పుకుని పడుకోమనా?"

దొరసాని మళ్ళీ వచ్చినప్పుడు అత్త ఇంకా గట్టిగా, "స్టార్వ్ అవుతూనే ఉన్నానమ్మా!" అని అరిచింది. ఈసారి మూడు రొట్టెలు వచ్చాయి.

"ఏమే పిల్లా, ఈవిడ నన్ను ఆటపట్టిస్తోందా?"

దొరసాని పెదవులు కదిలీ కదలకుండా మాట్లాడేది. అత్తకు ఒక్క ముక్కా అందేది కాదు.

ఒకరోజు నేను వెళ్ళేసరికి అత్త ఎండిపోయిన రొట్టెలు విరిచి పొయ్యిలో వేస్తోంది. మంట చిన్నదే. చేతులు దాదాపు అందులోనే పెట్టి కాచుకుంటోంది. అప్పుడే దొరసాని తలుపు తోసుకుని లోపలికొచ్చింది.

"తిండిని తగలబెడుతున్నావా! స్టార్వ్ అవుతున్నానని ఏడ్చింది నువ్వే కదూ?"

అత్తకు ఆ ఒక్క మాట అందినట్టుంది. "అవుతున్నాను కనకే కదమ్మా మంటేసుకుంది!"

దొరసాని ఆ మాటను ఆకలనుకుందని నాకప్పుడే తట్టి, ఇద్దరి మధ్యకీ వచ్చాను. "ఆమెకి ఆకలి కాదండీ, చలి. మా దగ్గర స్టార్వ్ అంటే చలేనండీ."

"ఇంగ్లీషు నువ్వు నేర్పుతావా నాకు?" అని దొరసాని గిరుక్కున తిరిగి వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నమే సంఘం జాబితాలోంచి అత్త పేరు కొట్టేశారు. రొట్టే లేదు, బొగ్గూ లేదు. మా అమ్మ ఓ గంపెడు బొగ్గు పంపింది. మా ఇంట్లోనూ అంతంతే, రెండో గంప పంపలేకపోయింది. ఆదివారం పొద్దున వెళ్ళి చూస్తే అత్త మంచంలో బిగుసుకుపోయి ఉంది. శాలువా పట్టుకున్న వేళ్ళు విడదీయడం మా వల్ల కాలేదు.

పాతిపెట్టే చోట బడి పంతులుగారికి జరిగిందంతా చెప్పాను. ఆయన మొహం వెలిగింది. "విచిత్రం చూశావా? వెనకటి రోజుల్లో ఆ మాటకు చావడం అనే అర్థం. ఎలా చచ్చినా సరే. లండన్ వైపు దక్షిణాదిలో అది ఆకలికి అతుక్కుంది, మన దగ్గర చలికి. ఇద్దరిదీ తప్పు కాదమ్మాయ్."

"అయితే అత్త సరిగ్గానే చెప్పిందన్నమాట," అన్నాను.

ఆయన టోపీ సర్దుకుని పక్కవాళ్ళతో మాటల్లో పడ్డారు.

ఆ వారమే పక్కింటి డోర్కస్ వీధిలో ఆడవాళ్ళందరికీ పాఠం పెట్టింది. "దొరసాని ముందు ఆ మాట ఎత్తారో, మీకూ రొట్టెలే! కోల్డ్ అనండే, కోల్డ్." మూతి ముడిచి, దొరసానిలా సన్నగా అని చూపించింది. అందరూ పడీ పడీ నవ్వి, దొరసాని వచ్చినప్పుడు అలాగే అన్నారు. అందరికీ బొగ్గు వచ్చింది.

మా అమ్మ ఇప్పుడు ఇంట్లో కూడా కోల్డ్ అనే అంటోంది.