హోల్డ్‌లో ఉండమన్నది నేనే

మా స్పోకెన్ ఇంగ్లిష్ మేడమ్ మొన్న ఆదివారం పోయారు. నేను పంజాగుట్ట సిగ్నల్ దగ్గర బండి మీద ఉండగా పాత క్లాస్‌మేట్ ఫోన్ చేశాడు. "మన మేడమ్ పోయింది భాయ్, గుండెపోటట." బండి పక్కకు తీసి ఫుట్‌పాత్ మీద కూలబడ్డాను. ఏడుపు కంటే ముందు సిగ్గు ముంచుకొచ్చింది. ఎందుకో చెబుతాను.

అమీర్‌పేటలో జిరాక్స్ షాపు పైన ఒక ఇరుకు గది ఆమె క్లాసు. డిగ్రీ పాసై కూడా ఇంగ్లిష్ అంటే వణికే నాలాంటి వాళ్ళను కాల్ సెంటర్ ఉద్యోగాలకు తయారుచేసేవారు. ఒకరోజు 'హోల్డ్' అనే మాట వచ్చింది.

"ఆగుమని చెప్పుడే కద మేడమ్" అన్నాను, పెద్ద తెలిసినవాడిలా.

ఆవిడ నిండు నీళ్ళ సీసా నా చేతికిచ్చి, చెయ్యి చాచి పట్టుకోమన్నారు. కిందికెళ్ళి తీరిగ్గా టీ తాగి వచ్చారు. అప్పటికి నా భుజం పీకేస్తోంది, క్లాసంతా నవ్వుతోంది.

"ఏంటి, నొప్పిగా ఉందా? ఫోన్‌లో అవతలి మనిషికీ ఇంతే. హోల్డ్ అంటే వదలకుండా పట్టుకుని ఉండడం బాబూ. పట్టుకోమన్నవాడు తిరిగి రావాలి."

బేగంపేటలో ఉద్యోగం వచ్చింది. ఇన్నేళ్ళలో ఎందరు కస్టమర్లను హోల్డ్‌లో పెట్టానో! నన్ను బండబూతులు తిట్టినవాళ్ళ దగ్గరికి కూడా తిరిగి వెళ్ళాను. నేను తినే అన్నం ఆవిడ పెట్టిందే.

అప్పుడప్పుడూ ఫోన్ చేసేవారు. "తిన్నావా?" అని మొదలుపెట్టి, నా ఇంగ్లిష్ తప్పులు దిద్దిగానీ వదిలేవారు కాదు. పోవడానికి నాలుగు రోజుల ముందు చేసి, "నీకో మాట చెప్పాలి" అన్నారు. అంతలో మేనేజర్ పిలిచాడు.

"మేడమ్, జర హోల్డ్‌ల ఉండుండ్రి, గిప్పుడే వస్త" అని ఫోన్ బల్ల మీద పెట్టి వెళ్ళాను. మీటింగ్‌లో పడి మరిచేపోయాను. వచ్చి చూస్తే కాల్ కట్టయింది. సాయంత్రం చేద్దాంలే అనుకున్నాను. చెయ్యలేదు. మర్నాడూ చెయ్యలేదు. పని ఒత్తిడేం కాదు, ఒట్టి బద్ధకం.

నిన్న మధురానగర్‌లో వాళ్ళింటికి వెళ్ళాను. ఆమె భర్త ఒక్కరే ఉన్నారు.

"సార్, మేడమ్ నాకేం చెప్పాలనుకున్నరు?"

"నాకూ చెప్పలేదు బాబూ. ముప్పావుగంట ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని కూర్చుంది. ఇక పెట్టేసెయ్యవే అంటే, వస్తానన్నాడుగా అంది. ఛార్జింగ్ అయిపోయి అదే ఆగిపోయింది. నీ మాట వినపడదేమోనని ఫ్యాన్ కూడా ఆపేసింది."

ఆ ఫోన్ వచ్చింది నడి ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం. నేను కళ్ళు మూసినా, తెరిచినా, ఆగిన ఫ్యాను కింద చెమటతో తడిసిపోతూ, చెవి దగ్గర ఫోనుతో ఆవిడ కూర్చునే ఉన్నారు.